పెరట్లో పాపకి ఇసుక తొట్టి: బీచ్ ఇసుక పనికొస్తుందా, అడుగున ఏం వేయాలి?

మీరు అడిగింది ఇదీ: విశాఖ మధురవాడలో సొంత ఇల్లు, వెనక పెరట్లో సుమారు 12×15 అడుగుల ఖాళీ, స్థలం కొంచెం వాలుగా ఉంది. మూడేళ్ళ పాప ఆడుకోవడానికి ఇసుక తొట్టి కట్టాలనుకుంటున్నారు. బీచ్ నుంచి నాలుగు బస్తాల ఇసుక తెచ్చి పోస్తే చాలా, చుట్టూ చెక్క పెట్టాలా ఇటుక కట్టాలా, వర్షాలకీ పిల్లులకీ ఏం చేయాలి అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. బీచ్ ఇసుక వద్దండి. కడిగి జల్లించిన నది ఇసుక పోయండి. సొంత ఇల్లు కాబట్టి ఇటుక గట్టు కట్టించండి. అడుగున నాలుగంగుళాల పిక్క (చిన్న కంకర రాళ్ళు), దాని మీద నీళ్ళు దిగనిచ్చి ఇసుకని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన పదంగుళాల ఇసుక. పైన గాలి ఆడే జాలీ మూత. లోపలి కొలత 5×5 అడుగులైతే ఇద్దరు పిల్లలకి సరిపోతుంది. నాలుగు బస్తాలు మాత్రం ఏ మూలకీ రావు, ఇరవై బస్తాలు పడతాయి.

ఇక కారణాలు. బీచ్ ఇసుకతో మొదటి ఇబ్బంది ఉప్పు. ఉప్పు గాలిలోని తేమని లాగుతుంది. మన ఊరి గాలికి ఆ ఇసుక ఎండాకాలంలో కూడా పూర్తిగా పొడిబారదు. పిల్లల చేతులకి చిన్న గీరు ఉన్నా మంట పుడుతుంది, చెమటకాయలు ఉన్న ఒంటికి దురద. మూత మేకులూ మడత బందులూ తుప్పు పడతాయి. గట్టుకి కొట్టిన ప్లాస్టరింగు పొరలు పొరలుగా లేస్తుంది. రెండోది మురికి: ఊరి కాలువలు కలిసే చోట్లా, కుక్కలు తిరిగే చోట్లా తీసిన ఇసుకని ఇంట్లో కడిగి శుభ్రం చేయడం అయ్యే పని కాదు. మూడోది చాలామందికి తెలియదు. విశాఖ నుంచి భీమిలి దాకా తీరంలో తడి ఇసుక మీద కనిపించే నల్లటి, ఎర్రటి చారలు ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువు ఖనిజాలవి. వాటితో పాటు మోనజైట్ కూడా కొద్దిగా ఉంటుంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. బీచ్‌లో ఓ సాయంత్రం ఆడుకున్నంత మాత్రాన భయపడక్కర్లేదు, పిల్లల్ని హాయిగా తీసుకెళ్ళండి. అయితే అదే ఇసుకని టన్ను లెక్కన తెచ్చి ఏళ్ళ తరబడి పసిపిల్ల చేతికింద ఎందుకు పెట్టాలి? పైగా తీర నియంత్రణ నిబంధనల ప్రకారం సముద్రతీరంలో ఇసుక తవ్వడం నిషేధం. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మట్టి సంగతీ అంతే. అది కాపాడుకోవలసిన భూవారసత్వం, అక్కడి నుంచి గుప్పెడు కూడా తేకూడదు.

రోబో ఇసుక అసలు వద్దు. సిమెంటు కొట్టువాళ్ళు "ఇదే శుభ్రంగా ఉంటుంది, మట్టి ఉండదు" అని అంటగడతారు. అది రాయిని మరలో నలిపి తీసిన పొడి. రేణువులు అంచులు దేలి ఉంటాయి, మోకాళ్ళూ అరచేతులూ గీరుకుపోతాయి. సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాతి దుమ్ములో ఉండే సిలికా చిన్నపిల్లలు పీల్చవలసింది కాదు.

మనకి నది ఇసుక వంశధార, నాగావళి వైపు నుంచీ గోదావరి నుంచీ వస్తుంది. కొనేటప్పుడు పేరు అడిగి ఊరుకోకండి, పరీక్ష చేయండి. లీటరు నీళ్ళ సీసాలో మూడో వంతు ఇసుక, ముప్పాతిక దాకా నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి, మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగా కుదపండి. మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి దిగి, దాని మీద ఒండ్రు విడి పొరగా పేరుకుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో ఇరవయ్యో వంతుకి మించితే ఆ లోడు వద్దు. ఒండ్రు ఎక్కువైన ఇసుక ఎండితే దుమ్ము లేస్తుంది, తడిస్తే బంకగా గట్టిపడుతుంది. అలా అని ఒండ్రు బొత్తిగా లేని దొడ్డు ఇసుకతో పిచ్చుక గూళ్ళు నిలబడవు. ప్లాస్టరింగుకి వాడే రకం ఇసుక దీనికి సరిగ్గా సరిపోతుంది. శ్లాబుకి వాడే గరుకు రకం వద్దు.

లెక్క చూడండి. 25 చదరపు అడుగులకి 10 అంగుళాల లోతంటే దాదాపు 21 ఘనపుటడుగులు. జల్లింపులో గులకరాళ్ళూ చెత్తా పోయి, ఆపైన కాస్త దిగబడుతుంది. అందుకని 25 ఘనపుటడుగులు తెప్పించుకోండి. పొడి ఇసుక ఘనపుటడుగు సుమారు 45 కిలోలు, అంటే 1100 కిలోల పైచిలుకు. 50 కిలోల సిమెంటు సంచిలో ఒకటింపావు ఘనపుటడుగు పడుతుంది కాబట్టి 20 సంచులు. చిన్న ట్రాలీ ఆటో ఒక్క ట్రిప్పులో ఇంత మొయ్యలేదు, రెండు ట్రిప్పులకి మాట్లాడుకోండి. ఇక్కడో జాగ్రత్త: ఖాళీ సిమెంటు సంచుల్లో నింపి తెస్తే ఆ సిమెంటు పొడి ఇసుకలో కలుస్తుంది. సంచులు దులిపి, ఉతికి ఆరబెట్టినవి ఇవ్వండి, లేదా బియ్యం సంచులు వాడండి.

ఇసుక వచ్చాక మేస్త్రీలు వాడే ప్లాస్టరింగు జల్లెడతో ఒకసారి జల్లించండి. గవ్వలూ, నత్తగుల్లలూ, గాజు పెంకులూ, ఎండు ముళ్ళూ అక్కడే బయటపడతాయి. తర్వాత గమేళాలో సగం దాకా ఇసుక, నిండా నీళ్ళు పోసి చేత్తో కలియబెట్టి, పైన తేలిన బురద నీళ్ళు వంచేయండి. మూడు నాలుగు సార్లకి నీళ్ళు తేటపడతాయి. ఇరవై సంచులకి ఇది ఒకరోజు పని, ఇద్దరు మనుషులు కావాలి. ఆ నీళ్ళు మొక్కలకి పోయండి గాని బాత్రూములో వంపొద్దు, నహానీ ట్రాపు పూడిపోతుంది. కడిగింది టార్పాలిన్ మీద రెండంగుళాల మందాన పరిచి రెండు రోజులు మంచి ఎండలో తిరగేస్తూ ఆరబెట్టండి.

ఇప్పుడు చోటు. పెరట్లో ఖాళీగా ఉన్న మూలన కట్టేద్దాం అనుకోకండి. వంటింటి కిటికీలోంచి గాని, మీరు ఎక్కువసేపు కూర్చునే చోటినుంచి గాని కనబడాలి. ఇంటికి తూర్పు పక్కన కుదిరితే చాలా మంచిది. మూడు దాటాక ఇంటి నీడ దాని మీద పడుతుంది, పిల్లలు ఆడేది కూడా అప్పుడే. పడమటి పక్కన తప్పకపోతే పైన షేడ్ నెట్ కట్టాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండకి ఇసుక అరికాళ్ళు కాల్చేస్తుంది.

చెట్టు నీడ అంటే అందరికీ ఇష్టమే, ఏ చెట్టన్నది చూసుకోవాలి. కొబ్బరి కింద వద్దు, కాయా మట్టా ఎప్పుడు పడతాయో చెప్పలేం. మునగ కింద బొత్తిగా వద్దు, గొంగళి పురుగులు ఇసుకలోకి రాలతాయి, వాటి నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లే. మామిడికి ఎర్రచీమలు. పక్కన గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఉంటే ముందు వాటిని తీయించండి. పిల్లలు ఆకులు తుంచి "కూర" వండేది ఆ ఇసుకలోనే, వండింది నోట్లో పెట్టుకునేదీ అక్కడే. వేప పరవాలేదు, పళ్ళు రాలే రోజుల్లో రోజూ ఊడవాలి. సెప్టిక్ ట్యాంకు మీదా, నీళ్ళ సంపు పక్కనా కట్టొద్దు. ఇల్లు కట్టినప్పుడు పునాది చుట్టూ చెదల మందు పోయించి ఉంటారు, అందుకని గోడకి కనీసం నాలుగడుగులు జరిగి కట్టండి.

ఇసుక తొట్టి ముందుగా చెడేది అడుగున. నీళ్ళు దిగే దారి లేకపోతే మొదటి వానాకాలానికే అడుగు ఇసుక నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. అందుకే తవ్వకముందు ఒక పరీక్ష: అనుకున్న చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకిపోయాక మళ్ళీ నింపి చూడండి. రెండోసారి పోసినవి నాలుగైదు గంటల్లో ఇంకితే నేల మంచిదే. మర్నాటికి కూడా నిలిచి ఉంటే కింద బంక ఎర్రమట్టి ఉన్నట్టు. అప్పుడు పిక్క పొర నుంచి పల్లం వైపుకి ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు వేసి నీళ్ళు బయటికి తీయాలి. మీది వాలు స్థలం కాబట్టి ఈ పని తేలిక. పైపు మూతికి సన్న జాలీ కట్టండి, లేకపోతే ఎలుకలు దూరతాయి. పల్లం లేని స్థలాల్లో మధ్యలో అడుగున్నర చదరం, రెండడుగుల లోతు గొయ్యి తీసి పిక్కతో నింపితే ఇంకుడు గుంటలా పనిచేస్తుంది. వానకి నీళ్ళు నిలిచే పల్లపు వీధుల్లో ఉన్నవాళ్ళు అసలు తవ్వకండి, నేల మీదే గట్టు కట్టి పైకి నింపుకోండి.

కట్టే వరస ఇలా:

ఆరున్నర అడుగుల చదరం గుర్తుపెట్టి, దారం కట్టి, కర్ణాలు రెండూ సమానంగా వచ్చాయా చూసుకోండి. మొత్తం 8 అంగుళాలు తవ్వండి. గట్టు వచ్చే చోట అడుగు వెడల్పున ఇంకో మూడంగుళాలు లోతు చేయండి. గడ్డి వేళ్ళు, తుంగ గడ్డలు ఒక్కటి మిగిలినా తర్వాత ఇసుకలోంచి తొంగిచూస్తుంది, ఓపిగ్గా ఏరేయండి.

గట్టు కింద మూడంగుళాల బెడ్డు కాంక్రీటు. దాని మీద ఫ్లైయాష్ ఇటుకలతో నాలుగంగుళాల గోడ, నాలుగు వరసలు. వరసకి 27 చొప్పున 108 ఇటుకలు. మొదటి వరసలో ప్రతి రెండడుగులకీ ఒక నిలువు సందులో సిమెంటు పెట్టకుండా వదిలేయమని మేస్త్రీకి ముందే చెప్పండి. చెప్పకపోతే అలవాటు కొద్దీ అన్నీ నింపేస్తారు, అప్పుడు మీరు కట్టించుకున్నది నీళ్ళ తొట్టి అవుతుంది. పైన ఇటుకల్ని అడ్డంగా పేరిస్తే తొమ్మిదంగుళాల వెడల్పు అరుగు వస్తుంది, దానికి 57. పగుళ్ళూ ముక్కలూ కలుపుకొని 180 ఇటుకలు, రెండు బస్తాల సిమెంటు తెచ్చుకుంటే పని అయిపోతుంది. గట్టు నేలకి తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. మూడేళ్ళ పిల్ల కాళ్ళు ఆనించి కూర్చోడానికి సరైన ఎత్తు అది, వాన నీళ్ళు పక్కనుంచి లోపలికి రావు. వాలుకి ఎగువ వైపు మాత్రం ఒక చిన్న కాలువ తీసి నీటిని పక్కకి మళ్ళించండి.

అరుగు అంచులు రెండు వైపులా గుండ్రంగా తీయించండి. పిల్లలు పరుగెత్తి తట్టుకునేది ఆ అంచుకే. అందంగా ఉంటుందని నల్ల గ్రానైటో కడప బండో పరిపించకండి, ఎండకి పెనంలా కాలుతుంది. గట్టుని వారం రోజులు తడపండి. ఆ తర్వాత లోపలంతా నీళ్ళు కొట్టి కడిగి, ఇంకో వారం ఆగి ఇసుక పోయండి. పచ్చి సిమెంటు పొడి పిల్లల చర్మానికి మంట.

లోపల నాలుగంగుళాల మందాన 20 ఎంఎం పిక్క, ఎనిమిదిన్నర ఘనపుటడుగులు పడుతుంది. మట్టి అంటుకుని వస్తే కడిగి పోయండి. దాని మీద చదరపు మీటరు 200 గ్రాములు తూగే, అంటే 200 జీఎస్‌ఎం అల్లిక లేని జియోటెక్స్‌టైల్, 7×7 అడుగుల ఒకే ముక్క. అంచులు గోడ వెంబడి అడుగు ఎత్తు పైకి రావాలి, మిగిలింది ఇసుక పోశాక కత్తిరించండి. ఈ గుడ్డ మానేస్తే మొదటి వానకే ఇసుక పిక్కలోకి జారిపోతుంది, పాప తవ్వితే రాళ్ళు తేలతాయి. గుడ్డ బదులు పాలిథిన్ షీటు పరుస్తామంటారు కొందరు. షీటు నీటిని పట్టి ఉంచుతుంది, కింద చేసిన పనంతా వృథా. గ్రీన్ షేడ్ నెట్ కంతల్లోంచి ఇసుక దిగిపోతుంది.

ఇసుక మూడు విడతలుగా పోసి, ఒక్కో విడతా నీళ్ళు చిలకరించి సర్దండి. నిండాక అరుగు కన్నా మూడు మూడున్నర అంగుళాలు తక్కువ ఉండాలి, అంచుదాకా నింపితే రోజూ సగం బయటికే.

చెక్క గురించి కూడా అడిగారు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి చెక్కే దారి, ఇల్లు మారితే విప్పుకుపోవచ్చు. సొంత ఇంట్లో మాత్రం మన తేమకీ చెదలకీ రెండు మూడేళ్ళకే చెక్క మళ్ళీ పని పెడుతుంది. పోర్టు ఊరు కావడంతో ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క చవగ్గా దొరుకుతుంది. కొనేముందు దాని మీద కాల్చిన ముద్ర చూడండి: "హెచ్‌టీ" అంటే వేడితో శుద్ధి చేసింది, తీసుకోవచ్చు. "ఎంబీ" అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, పిల్లల వస్తువుకి వద్దు. పాత రైలు స్లీపర్లు వద్దు, వాటికి పట్టించిన క్రియోసోట్ తారు ఎండకి ఊరుతూనే ఉంటుంది. పాత తలుపు చెక్కలూ, ఓడల తుక్కులో వచ్చిన రంగు చెక్కలూ కూడా వద్దు. ఇళ్ళ రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) పరిమితి మన దగ్గర 2017 నవంబరు నుంచే అమలైంది, అంతకుముందు వేసిన రంగు పొరల్లో సీసం ఎంతైనా ఉండొచ్చు. తాటి దూలాలకి చెద అంత తేలిగ్గా పట్టదు గాని పేళ్ళు లేస్తాయి, అవి అరచేతిలో గుచ్చుకుంటే తీయడం నరకం. వాడితే పైన పలక బిగించండి.

మూత దగ్గర రాజీ పడకండి. ఊళ్ళో తిరిగే పిల్లులకి ఇసుక కనిపిస్తే చాలు. పిల్లి, కుక్క మలంలో వచ్చే ఏలికపాముల గుడ్లు వెంటనే అంటవు, ఇసుకలో పడి రెండు మూడు వారాలు పండాక ప్రమాదం. పిల్లి మలం నుంచి వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికైతే ఒకటి నుంచి ఐదు రోజులు చాలు. అందుకని కనబడిన రోజే చుట్టూ అడుగు మేర ఇసుకతో సహా పారతో ఎత్తి పారేయాలి. ఇంట్లో గర్భవతి ఉంటే ఆ పని ఆవిడకి చెప్పొద్దు.

అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో 6×3 అడుగుల చట్రాలు రెండు చేయించండి. అరంగుళం కంతల జాలీ బిగించి, దాని మీద షేడ్ నెట్ కుట్టించండి. తేలిగ్గా లేస్తుంది, తుప్పు లేదు, గాలి ఆడుతుంది. స్క్రూలూ మడత బందులూ స్టెయిన్‌లెస్ 304 రకమే అడిగి తీసుకోండి. సముద్రపు గాలికి మామూలు జీఐ (జింకు పూత) స్క్రూలు రెండో వానాకాలం దాకా ఆగవు. మూత వేళ్ళ మీద పడకుండా మధ్యలో అంగుళం రబ్బరు ముక్కలు అంటించండి. లోపల పిల్ల ఉండగా బయటినుంచి పడిపోయే గడియ ఏదీ పెట్టొద్దు.

వాన రోజుల్లో జాలీ మీద టార్పాలిన్ కప్పండి, మధ్యలో ఒక పైపు నిలబెట్టి గుడిసె కప్పులా వాలు ఇవ్వండి. చదునుగా కప్పితే గుంటపడి నీళ్ళు నిలుస్తాయి, వారం పది రోజుల్లో అందులో దోమలు పుడతాయి. వాన వెలిసిన వెంటనే టార్పాలిన్ తీసేయాలి. తుఫాను హెచ్చరిక వస్తే మూత చట్రాలు విప్పి ఇంట్లో పెట్టండి. హుద్‌హుద్ నాడు ఇళ్ళ రేకులు ఎలా ఎగిరాయో 2014లో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. టార్పాలిన్ ఒక్కటీ ఇసుక మీద పరిచి అంచులకి ఇసుక సంచులు పెడితే చాలు.

రోజువారీ పని తక్కువే. పిల్లని దింపేముందు పళ్ళపారతో ఒకసారి ఆ చివరినుంచి ఈ చివరికి లాగండి. మధురవాడలో కొండకి దగ్గరగా ఉన్న ఇళ్ళకి ఇది మరీ ముఖ్యం. తేళ్ళూ జెర్రులూ చల్లని ఇసుక అంచున, గట్టు వారగా చేరతాయి. బకెట్లూ బొమ్మలూ బోర్లించి ఉంటే చేత్తో ఎత్తకుండా ముందు పారతో తిప్పండి. వారానికోసారి అడుగుదాకా తిరగేసి ఒక పూట ఎండ తగలనివ్వండి. తినుబండారాలు లోపలికి రానివ్వకపోతే చీమల బెడద సగం పోతుంది. వచ్చిన చీమలకి పుట్ట కన్నంలో మరిగే నీళ్ళు పోయండి, అదీ పిల్లలు దగ్గర లేనప్పుడు. చీమల మందు పొడి, ఫినాయిల్, బ్లీచింగు ఏదీ ఇసుకలో కలపొద్దు, పెద్దవాళ్ళు ఎంత చెప్పినా సరే.

పొడి ఇసుకతో బొమ్మలు నిలబడవు, దుమ్ము కళ్ళల్లో పడుతుంది. పది గ్లాసుల ఇసుకకి ఒక గ్లాసు నీళ్ళ చొప్పున తడిపితే గుడులూ గోపురాలూ చక్కగా నిలుస్తాయి. గట్టు పక్కనే ఒక చదును రాయి, చిన్న టబ్బు నీళ్ళు, కొబ్బరి పీచు పట్టా పెట్టుకోండి, కాళ్ళు కడిగాకే ఇంట్లోకి. ఆట అయ్యాక టబ్బు ఖాళీ చేయాలి, పసివాళ్ళున్న ఇంట్లో బెత్తెడు నీళ్ళు కూడా ప్రమాదమే. ఏడాది నిండని చంటిపిల్ల కూడా ఇంట్లో ఉంటే, పక్కన ఒకరు కూర్చోకుండా ఆ పిల్లని తొట్టిలో దింపొద్దు. దొరికిందల్లా నోట్లోకే పోతుంది.

పని మొదలుపెట్టడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తుఫాన్లు తగ్గుముఖం పడతాయి, ఇసుక ఆరుతుంది, గట్టు నెమ్మదిగా గట్టిపడుతుంది. ఏటా డిసెంబరులో పై నాలుగంగుళాలు తీసి కొత్తది పోయండి, పది ఘనపుటడుగులు సరిపోతాయి. మధ్యలో ఎప్పుడైనా అడుగునుంచి వాసన వస్తే పై పొర మార్చి ఊరుకోకండి. ఇసుకంతా ఒక పక్కకి తీసి, గుడ్డ ఎత్తి, పైపు మూతి పూడిందేమో చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అక్కడే ఉంటుంది. తీసిన పాత ఇసుక పూలకుండీలకీ, కొబ్బరి పాదుకీ పనికొస్తుంది.